కొత్త కెమెరా, బ్లర్ ఫొటోలు: వచ్చే నెల ఓణీల ఫంక్షన్‌కి సెట్టింగ్స్ ఎలా పెట్టాలి?

అరండల్‌పేట కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. ఉండేది గుంటూరు. కేనన్ 1500డీ తీసుకున్నాను, దాంతోపాటు 18-55, 55-250 లెన్సులు రెండూ వచ్చాయి. ఇంతకుముందు ఫోన్ తప్ప వేరే కెమెరా పట్టుకోలేదు. ఫ్లాష్ పడితే మొహాలు తెల్లగా పేలిపోతున్నాయని డయల్ మీద ఫ్లాష్ ఆఫ్ మోడ్ పెట్టి తీస్తున్నాను.

రాత్రి ఇంట్లో తీసినవన్నీ బ్లర్. కెమెరా స్క్రీన్ మీద బాగానే కనపడుతున్నాయి, లాప్‌టాప్‌లో తెరిస్తే కళ్లూ ముక్కూ కలిసిపోయి ఉంటున్నాయి. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దగ్గర మనవాళ్లని నిలబెట్టి తీస్తే ఆకాశం బాగా వస్తోంది, మొహాలు నల్లగా వస్తున్నాయి. మిర్చి యార్డులో తీసినవైతే కాయకీ కాయకీ తేడా తెలీకుండా ఎర్రటి ముద్దగా వచ్చాయి.

వచ్చే నెల బెజవాడలో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్. కల్యాణ మండపంలో, రాత్రి పూట. ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడేశారు కాబట్టి భారం నా మీద లేదు, కానీ ఇంట్లోవాళ్ల కోసం నాలుగు మంచి ఫొటోలు తీయాలని ఉంది. ఒక్క వస్తువే కొనగలను. 50 ఎంఎం లెన్స్ కొననా, పైన పెట్టే ఫ్లాష్ కొననా? ఎం మోడ్ (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్) రాకపోతే దండగ అంటున్నారు, నిజమేనా?

బెజవాడ షటర్:

తమ్ముడూ, ముందు ఆ బ్లర్ ఎందుకొస్తోందో తేల్చుకో. కారణం తెలీకుండా సెట్టింగ్ మారిస్తే ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. లాప్‌టాప్‌లో ఫొటోని 100 శాతం జూమ్ చేసి మొహం ఒక్కటే కాకుండా ఫ్రేమంతా చూడు.

గోడ మీద క్యాలెండర్‌తో సహా అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే నీ చెయ్యి కదిలింది. క్యాలెండర్ అక్షరాలు చదవగలిగేలా ఉండి, మనిషి చేతులో తలో మాత్రమే చెదిరితే కదిలింది ఆ మనిషి. మొహం మెత్తగా ఉండి వెనక తలుపో, ముందున్న పూలదండో పదునుగా ఉంటే ఫోకస్ వేరేచోట పడింది. ఫ్రేమంతా మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే లెన్స్ మీద వేలిముద్ర ఉంది, లేదా ఏసీ గదిలోంచి అప్పుడే బయటికి తెచ్చిన లెన్స్‌కి ఆవిరి పట్టింది. మన ఉక్కపోతలో ఇది రోజూ జరిగేదే. బ్యాగ్ జిప్ తీయకుండా ఒక పావుగంట బయట ఉంచితే పోతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

చెయ్యి కదలడానికి ఒక లెక్క ఉంది. నీ కెమెరా సెన్సర్ (ఫొటో నమోదయ్యే చిప్) పెద్ద కెమెరాల దానికన్నా చిన్నది, ఆ తేడా చెప్పే అంకె (క్రాప్) 1.6. లెన్స్ మీద ఎంత ఎంఎంలో ఉన్నావో దాన్ని 1.6తో గుణించు, షటర్ స్పీడ్, అంటే వెలుతురుని లోపలికి వదిలే సమయం, సెకనులో అన్నోవంతు కన్నా ఎక్కువ ఉండకూడదు. 55 దగ్గర 88 వస్తుంది, అంటే 1/100. 250 దగ్గర 1/400. లెన్స్ పక్కన స్టెబిలైజర్ స్విచ్ ఆన్‌లో ఉంటే ఇంతకన్నా తక్కువలో కూడా నెట్టుకురావచ్చు. కానీ అది నీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదురుగా పిల్లాడు తల తిప్పితే దానికేం తెలీదు. కుదురుగా కూర్చున్న వాళ్లకి 1/125, నడుస్తున్న వాళ్లకి 1/250, పరిగెత్తే పిల్లలకి 1/500 పెట్టుకో. ఉప్పలపాడు వెళ్లి గూడబాతులు ఎగురుతుంటే తీయాలంటే 1/1000 దాటాలి.

ఫోకస్ సంగతి. ఆటోలో కెమెరా తొమ్మిది పాయింట్లలో తనకి నచ్చినదాన్ని ఎంచుకుంటుంది, అదెక్కువగా నీకు దగ్గరగా ఉన్న వస్తువే అవుతుంది. హారతి పళ్లెం ముందుంటే పళ్లేనికే ఫోకస్. అందుకని డయల్ మీద పీ, ఏవీ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబర్ నువ్వు పెడతావు, షటర్ కెమెరా చూసుకుంటుంది), టీవీ (షటర్ నువ్వు పెడతావు), ఎం వీటిలో ఏదో ఒక మోడ్‌కి వచ్చి మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకో. ఈ కెమెరా బాడీలో గట్టిగా పట్టుకునే పాయింట్ అదొక్కటే. దాన్ని కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి, బీప్ వచ్చాక వేలు తీయకుండా ఫ్రేమ్ సర్దుకుని పూర్తిగా నొక్కు. ఇది వన్ షాట్‌లో. కదిలేవాళ్లకి ఏఐ సర్వో పెట్టు, అందులో బీప్ రాదు, నువ్వు సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ వెంటబడుతూనే ఉంటుంది.

ఇంకోటి, వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడే అంతా మసగ్గా ఉంటే తప్పు లెన్స్‌ది కాకపోవచ్చు. కంటి రబ్బర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, నీ కళ్లజోడు పవర్‌కి సర్దుకోవడానికి. లోపలి అంకెలు స్పష్టంగా కనపడేదాకా తిప్పు.

అరండల్‌పేట కుర్రోడు:

థాంక్స్ అన్నా. ప్లేబ్యాక్‌లో డిస్ప్ బటన్ నొక్కితే వివరాలు కనపడ్డాయి. ఇంట్లో తీసినవి దాదాపు అన్నీ 55 ఎంఎం, ఎఫ్5.6, 1/15, ఐఎస్ఓ 3200. క్యాలెండర్ కూడా సాగిపోయింది.

బెజవాడ షటర్:

ఇంకేం, దొరికింది. 1/15 దగ్గర చెయ్యి నిలవడం కష్టం. మనకి కావాల్సింది 1/125, అంటే ఎనిమిదింతల వెలుతురు ఎక్కడినుంచో తేవాలి. ఎక్కడెక్కడ దొరుకుతుందో చూడు.

ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు వదులుతుంది. కిట్ లెన్స్‌ని (నీ 18-55) జూమ్ చేస్తే ఎఫ్5.6, చేయకుండా 18 దగ్గర ఉంటే ఎఫ్3.5. ఆ తేడా రెండున్నర రెట్ల వెలుతురు. జూమ్ మానేసి నువ్వే రెండడుగులు ముందుకెళ్తే ఊరికే 1/40కి వచ్చేశావు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 6400 చేస్తే 1/80. ట్యూబ్‌లైట్ నీ వెనక వచ్చేలా తిరిగి, వాళ్లని ఆ గోడ దగ్గరికి జరిపితే మిగతాది కూడా వచ్చేస్తుంది. పైసా ఖర్చు లేదు.

అదే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ అయితే, ఎఫ్5.6 కన్నా దాదాపు పదింతల వెలుతురు లోపలికి వదులుతుంది. అదొక్కటే నిన్ను 1/15 నుంచి 1/125 దాటిస్తుంది, ఐఎస్ఓ 3200 దగ్గరే ఉండి.

ఐఎస్ఓ పెంచితే గింజలు (సన్నటి మచ్చలు) పడతాయని భయపడి ఫొటోని బ్లర్ చేసుకోకు. గింజలున్న ఫొటో ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు, ప్రింట్‌లో సగం కనపడవు కూడా. షేక్ అయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచేయలేదు. ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి తర్వాత లాప్‌టాప్‌లో వెలుగు పెంచితే, ముందే పెంచి తీసినదానికన్నా మచ్చలు ఎక్కువ వస్తాయి.

ఎఫ్8 బాబాయ్:

బ్యారేజీ, మిర్చి యార్డ్ సంగతి నేను చెప్తాను.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి మొహమేదో ఆకాశమేదో తెలీదు. ఎదురుగా ఉన్నదాన్నంతా కలిపి మధ్యరకం బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉంటే అమ్మో ఎంత వెలుగో అని మొత్తం తగ్గించేస్తుంది, మనిషి నల్లబడతాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కాతో ఉన్న పెద్దాయన్ని దగ్గరగా తీస్తే ఆ తెలుపు బూడిద రంగులోకి దిగేదీ ఇందుకే. సరిచేయడానికి ఏవీ ప్లస్ మైనస్ బటన్ నొక్కి పట్టుకుని పై చక్రం తిప్పు. తెల్లబట్టలకి ప్లస్ 2/3, వెనక బాగా చీకటిగా ఉండి మొహం తెల్లగా పేలిపోతుంటే మైనస్ 2/3. పని అయ్యాక సున్నాకి తేవడం మర్చిపోకు, అది దానంతటది పోదు.

బ్యారేజీ దగ్గర సూర్యుడు ఎగువన, భవానీ ద్వీపం వైపు దిగుతాడు. ఆ ఆకాశానికీ నీడలో ఉన్న మొహానికీ ఉన్న తేడా ఒక్క ఎక్స్‌పోజర్‌లో (ఒకే వెలుగు సెట్టింగ్‌లో) పట్టదు. కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆకాశమే కావాలనుకుంటే మనిషిని పూర్తిగా నీడబొమ్మగా తీసెయ్. సూర్యుడు ఫ్రేమ్‌లో లేకుండా పక్కనున్న ఆకాశం వైపు కెమెరా తిప్పి, నక్షత్రం గుర్తున్న బటన్‌తో ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మళ్లీ ఫ్రేమ్ కట్టి తీయి. మనుషులు పక్కకి తిరిగి ఉండాలి, ఇద్దరి మధ్య ఖాళీ ఉండాలి. లేకపోతే ఇద్దరూ కలిసి ఒకే నల్ల ఆకారం అవుతారు.

మొహాలు కూడా కావాలంటే అక్కడ ఫ్లాష్ వాడు. రాత్రి ఇంట్లో మొహాన్ని పాడుచేసిన ఆ బుల్లి ఫ్లాషే ఇక్కడ పనికొస్తుంది. ఏవీ మోడ్, ఎఫ్5.6, ఐఎస్ఓ 200, ఫ్లాష్ పైకి లేపు, మనుషులు రెండు మీటర్ల లోపు ఉండాలి. ఆ ఫ్లాష్ బలం అంతే. ఫ్లాష్‌తో షటర్ 1/200 దాటదు. వ్యూఫైండర్‌లో 1/200 మినుకు మినుకుమంటే ఆకాశం తెల్లబడబోతోందని అర్థం, ఎఫ్8కి వెళ్లి అడుగు దగ్గరికి జరుగు. లెన్స్ హుడ్ తీసెయ్, లేదంటే ఫొటో అడుగున అర్ధచంద్రాకారంలో నీడ పడుతుంది. ఇంకా తేలిక దారి: సూర్యుడు మునిగాక పది పదిహేను నిమిషాలు ఆగు. ఆకాశం, మొహం రెండూ దగ్గర దగ్గర వెలుగులోకి వస్తాయి. చాలామంది సరిగ్గా అప్పుడే సర్దుకుని ఇంటికెళ్లిపోతారు.

ట్రైపాడ్ తెస్తే బ్యారేజీ మీద పెట్టకు. బండి వెళ్లినప్పుడల్లా అదురుతుంది, నీళ్లు పాలనురగలా రావాలని అర సెకను షటర్ పెడితే ఆ అదురంతా ఫొటోలో కనపడుతుంది. సీతానగరం వైపు ఘాట్ మెట్ల మీద పెట్టు, స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో తీయి. ఉండవల్లి గుహలకి వెళ్తే ట్రైపాడ్‌కి అనుమతి అడగాలి. లోపల పడుకున్న విష్ణుమూర్తి దగ్గర వెలుతురు తక్కువ. కెమెరాని స్తంభానికి గట్టిగా ఆనించి అదే టైమర్ పెట్టు.

ఇక మిర్చి. ఎరుపు ముద్దగా రావడానికి కారణం ఫోకస్ కాదు. సెన్సర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా నమోదవుతాయి. ఫ్రేమంతా ఎర్రకాయలే అయితే ఎరుపు ఒక్కటే పైకప్పు తాకేస్తుంది, మిగతా రెండూ కింద ఉంటాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) సగటు చూపిస్తుంది కాబట్టి అంతా బాగుందనే అనిపిస్తుంది. మెనూలో హిస్టోగ్రామ్‌ని ఆర్‌జీబీకి (మూడు రంగులూ వేరువేరుగా) మార్చు, ఎర్రగీత కుడి గోడకి గుద్దుకుంటే మైనస్ 2/3 నుంచి మైనస్ 1 దాకా తగ్గించు. పిక్చర్ స్టైల్ స్టాండర్డ్ బదులు న్యూట్రల్ పెట్టు. నెత్తిమీద ఎండలో కాకుండా పొద్దున్నే, పక్కనుంచి వెలుగు పడేటప్పుడు తీస్తే కాయ మీద ముడతలు, తొడిమ నీడ కనపడతాయి. ఇదే జబ్బు నీ మేనకోడలి ఎర్ర పట్టు లంగాకీ వస్తుంది చూసుకో, జరీ అంచు దగ్గర నేత కనపడకుండా పోతుంది.

యార్డులో లెన్స్ మాత్రం మార్చకు. ఆ ఘాటు దుమ్ము సెన్సర్ మీద పడితే ఎఫ్11 పైన తీసిన ప్రతి ఆకాశంలో నల్లచుక్కలు కనపడతాయి.

గేర్ గురు:

ఎం మోడ్ లేకుండా డీఎస్ఎల్ఆర్ ఎందుకు బ్రో? ఫోనే వాడుకో. మొదటి రోజు నుంచి ఎం లోనే తీయ్, అదే వస్తుంది.

ఫిల్మ్ రోలు:

గేర్ గురు గారితో సగమే ఒప్పుకుంటాను. ఎం మోడ్ చేతనైనతనానికి పరీక్ష కాదు. వెలుతురు మారనిచోట అది సుఖం, మారేచోట తలనొప్పి. బ్యారేజీ దగ్గర నిమిషానికోసారి వెలుగు తగ్గుతుంటే ఒక్క చక్రం ఉన్న ఈ బాడీలో అటూ ఇటూ మారుస్తూ ఉంటే మంచి ఫొటో పోతుంది. అక్కడ ఏవీ చాలు. మండపం స్టేజీ మీద అలా కాదు, గంటలకొద్దీ అవే లైట్లు. ఒకసారి సరిపెట్టుకుంటే తెల్ల పంచె వచ్చినా నల్ల సూటు వచ్చినా మొహం వెలుగు మారదు. అక్కడ ఎం పెట్టండి. షటర్ నేరుగా చక్రంతో మారుతుంది, ఎఫ్ నంబర్‌కి ఏవీ ప్లస్ మైనస్ బటన్ నొక్కిపట్టి చక్రం తిప్పాలి.

50 ఎంఎం, ఫ్లాష్ విషయానికి వస్తే నా ఓటు 50కే, మండపం కాబట్టి. ఫ్లాష్ అందంగా రావాలంటే నేరుగా మొహం మీద కొట్టకూడదు, తెల్ల కప్పుకి కొట్టి కిందికి పరుచుకోనివ్వాలి. మండపాల కప్పు బాగా ఎత్తు, పైగా రంగు గుడ్డలు, పూల డెకరేషన్. ఆకుపచ్చ గుడ్డకి కొడితే మొహాలకి పసరు రంగు వస్తుంది. ఇంట్లో పది పన్నెండు అడుగుల తెల్ల శ్లాబ్ కింద ఫంక్షన్ అయితే ఫ్లాషే కొనమనేవాణ్ని. ఒకవేళ ఎప్పుడైనా కొంటే, ముందు మీ బాడీ మీద హాట్ షూ (ఫ్లాష్ తగిలించే పై గాడి) మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉందో లేదో చూసుకోండి. ఈమధ్య చవక బాడీలు కొన్నిటిలో కేనన్ అది తీసేసింది. అది లేకపోతే చవక మాన్యువల్ ఫ్లాష్ పెట్టినా వెలగదు, కేనన్ టీటీఎల్‌కి (ఫ్లాష్ బలాన్ని కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) సరిపడేదే తీసుకోవాలి.

50తో రెండు ఇబ్బందులు. ఒకటి, మీ సెన్సర్ మీద అది బాగా దగ్గరగా చూపిస్తుంది. మనిషి తల నుంచి పాదాల దాకా కావాలంటే కెమెరా నిలువుగా పట్టుకుని నాలుగున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. ఆరుగురు వరసగా నిలబడితే ఏడెనిమిది మీటర్లు, అప్పటికి మధ్యలో కుర్చీలూ వీడియో ఆయనా అడ్డం వస్తారు. గ్రూప్‌లకి 18-55 తగిలించండి. 24 నుంచి 35 మధ్య, ఎఫ్5, ఐఎస్ఓ 3200. పూర్తిగా 18లో తీస్తే చివర్లో నిలబడ్డవాళ్లు లావుగా సాగుతారు, వాళ్లు ఊరుకోరు. రెండోది, ఎఫ్1.8లో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే పదునుగా ఉండేది ముందూ వెనకా కలిపి జానెడు కూడా ఉండదు. అమ్మాయి కళ్లు బాగా వచ్చి, పక్కనే అరడుగు వెనకున్న వాళ్లమ్మ మసకబారుతుంది. ఒక్కరికైతే ఎఫ్2.2, ఇద్దరికైతే ఎఫ్2.8 నుంచి ఎఫ్4.

స్టేజీ మీద ఎఫ్2.8, 1/100, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టి, ఒక ఫొటో తీసి చూసుకుని ఐఎస్ఓ ఒక్కటే అటూ ఇటూ మార్చండి. 1/100 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్‌జ్, చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/100 అయితే ఒక మినుకు పూర్తిగా లోపలికి వస్తుంది. 1/250 పెడితే కొన్ని లైట్ల కింద ఫొటోకీ ఫొటోకీ వెలుగు మారుతుంది, లేదా అడ్డంగా నల్లచారలు పడతాయి. వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ ఉంటే ఇంకా ఘోరం. అక్షింతలు గాల్లో ఆగినట్టు రావాలంటే మాత్రం 1/250 తప్పదు. చారలు పడుతున్నాయో లేదో ముందే నాలుగు తీసి చూసుకోండి. జనం రాకముందు, లైట్లు వేసి సరిచూసుకునే టైములో వెళ్తే ఈ పరీక్షలన్నీ తీరిగ్గా అవుతాయి.

రంగు సంగతి: స్టేజీ మీద పసుపు, నీలం, గులాబీ లైట్లు కలిసి ఉంటాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుని సరిచేసే సెట్టింగ్) ప్రతి ఫొటోకీ ఒకరకంగా అనుకుంటుంది. పసుపు లైట్లే ఎక్కువైతే బల్బు గుర్తు పెట్టి చూడండి, మరీ నీలం తిరిగితే ట్యూబ్‌లైట్ గుర్తు. ఏదో ఒకటి పెట్టాక ఇక మార్చకండి. అన్నీ ఒకే రంగులో ఉంటే తర్వాత ఒకేసారి సరిచేయవచ్చు.

చివరిగా ఒక మర్యాద. మాట్లాడుకున్న ఫొటోగ్రాఫర్ సరిగ్గా ఎదురుగా ఉంటాడు, మీరు పక్కకి జరగండి. మీరూ ఆయన పక్కనే నిలబడి పిలిస్తే అమ్మాయి చూపు ఎటో పోతుంది, ఆల్బమ్ పాడవుతుంది. ఆయన తీయలేనివి మీకున్నాయి. తయారయ్యే గదిలో కిటికీ పక్కన జడ వేస్తున్నప్పుడు, పువ్వులు పెడుతున్నప్పుడు అమ్మమ్మ మొహం లాంటివి. పొద్దు ఉండగానే తయారవడం మొదలైతే ఆ కిటికీ వెలుగు ముందు స్టేజీ లైట్లు దిగదుడుపే. ట్యూబ్‌లైట్ ఆపించి కిటికీ ఒక్కటే వాడండి.

అరండల్‌పేట కుర్రోడు:

ఫిల్మ్ రోలు గారూ, చాలా థాంక్స్ అండి. 50 ఫిక్స్. రా లో తీయాలా, జేపెగ్‌లోనా? ఫంక్షన్ అయ్యాక లెన్సులు ఎలా దాచుకోవాలి? బీరువాలో పెడితే చాలా?

ఫిల్మ్ రోలు:

రెండూ కలిపి పెట్టండి, మెనూలో రా ప్లస్ ఎల్ అని ఉంటుంది. జేపెగ్ వెంటనే వాట్సాప్‌కి పంపడానికి, రా (సెన్సర్ పట్టిన ముడి ఫైల్) తర్వాత తీరిగ్గా రంగూ వెలుగూ సరిచేయడానికి. రా ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది, కాబట్టి 32 జీబీ కార్డులు రెండు పెట్టుకోండి. 64 ఒక్కటే వద్దు, పాడైతే మొత్తం పోతుంది. రా ఫైళ్లు తెరవడానికి కేనన్ వాళ్ల డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ ఉచితమే, డౌన్‌లోడ్‌కి బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబర్ అడుగుతుంది. స్క్రీన్ మీద పదేపదే చూసుకుంటే బ్యాటరీ త్వరగా దిగుతుంది, ఇంకో బ్యాటరీ ఉంటే నిశ్చింత.

బెజవాడ షటర్:

బీరువా వద్దు తమ్ముడూ. చీకటి, తేమ, గాలాడకపోవడం, ఈ మూడూ కలిస్తే వానాకాలంలో లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్ పడుతుంది. అద్దం పూత తినేశాక శుభ్రం చేయించినా మరక మిగులుతుంది. రబ్బర్ అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొను, అందులో రంగు మారే సిలికా జెల్ అరకిలో, తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి వెయ్యి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే సరి. మరీ 30 కిందికి దించకు, రబ్బర్లు ఎండిపోతాయి. జెల్ రంగు మారితే మూకుట్లో సన్నసెగ మీద వేయించి, చల్లారాక మళ్లీ వెయ్యి. బ్యాగులో పెట్టి దాచకు, బ్యాగు స్పాంజే తేమ పట్టి ఉంచుతుంది.

తుడిచేటప్పుడు ముందు రబ్బర్ బ్లోయర్‌తో దుమ్ము ఊదు, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ. దుమ్ము మీదే రుద్దితే గీతలు పడతాయి. నోటితో ఊదకు, తుంపర్లు పడతాయి. లెన్స్ తీసినప్పుడు లోపల కనపడే అద్దాన్ని మాత్రం గుడ్డతో కూడా ముట్టుకోకు. ఫంక్షన్ ముందు రోజు కార్డులో పాతవి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి.